మానాలనుకున్న మనిషి ఏ తలుపు తట్టాలి?

పోయిన వానాకాలంలో ఒకరోజు, మెదక్ పట్టణంలో మా సంఘం మీటింగు అయిపోయి చాపలు చుడుతున్నాం. ఒకామె మాత్రం పోకుండా తలుపు దగ్గర నిలబడింది. బీడీలు చేసి బతికే మనిషి. భర్త కొట్టాడని ఇదివరకు రెండుసార్లు మా దగ్గరికి వచ్చింది. మళ్లీ అదే అయివుంటుందనుకుని ఆమె మొహం మీద దెబ్బల కోసం చూశాను. అవేమీ లేవు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, ఆయన తాగుడు బంద్ చేస్త అంటుండు. గట్ల మానెటోళ్లంత ఒక్కకాడ కూసొని మాట్లాడుకునే మీటింగు ఉంటదట గదా. మన మెదక్‌ల యాడ అయితది?"

నా దగ్గర జవాబు లేదు. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో సంఘంలోకి వచ్చినదాన్ని నేను. దుకాణం ముందు ఎట్లా కూర్చోవాలో తెలుసు, కలెక్టరుకి అర్జీ ఎట్లా రాయాలో తెలుసు, కొట్టినవాడి మీద ఏ చట్టం కింద కేసు పెట్టాలో తెలుసు. తాగుడు మానాలనుకున్న మనిషిని ఎక్కడికి పంపాలో మాత్రం తెలియదు. "కనుక్కుని చెప్తా" అన్నాను.

వారం రోజులు కనుక్కున్నాం. ఒక ఆసుపత్రిలో అడిగితే మానసిక వైద్యుడు వచ్చే రోజు కనుక్కుని రమ్మన్నారు. ఒక ఆఫీసులో అడిగితే గోడ మీది పోస్టరు చూపించారు. తెలిసినవాళ్లను అడిగితే అలాంటి మీటింగులు పట్నంలో జరుగుతాయన్నారు. పట్నం అంటే హైదరాబాదు, ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. అదే మెదక్ బస్టాండులో దిగి వైన్ షాపు ఎక్కడని అడిగితే ఏ చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. కల్లు దుకాణం సంగతి చెప్పనే అక్కర్లేదు. తాగడానికి నడిచిపోయే దూరం, మానడానికి బస్సెక్కిపోయే దూరం! ఇది ఎవరి ఇంటి సమస్యో, ఎవరి మనోబలం సమస్యో కాదు. హక్కుల సమస్యగా దీన్ని మనం ఇంతవరకూ చూడలేదు. అందుకే ఈ వ్యాసం.

మేం కనుక్కునే లోపల జరగాల్సింది జరిగింది. ఆయన తనంతట తనే మానేశాడు. మొదటిరోజు చెమటలు, వణుకు. రెండోరోజు నిద్ర లేదు. మూడోరోజు రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని కేకలు పెట్టాడు. గాలి సోకిందన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఎవరో పెద్దమనిషి ఇంత మందు తెచ్చి పోస్తే వణుకు ఆగింది. "చూసినవా, వాడు మానేటోడు కాదు" అని అందరూ తేల్చేశారు.

ఆ మాట అబద్ధం. చాలాకాలం ఎక్కువగా తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు తట్టుకోలేదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, వినిపించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారం రోజులు మందులు, బి-1 విటమిను ఇస్తే చాలామంది క్షేమంగా ఈ గండం దాటుతారు. ఇందులో పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ఆ మూడోరాత్రి ఆయనకు కరువైంది పట్టుదల కాదు, పడక. కానీ ఆ నింద మోసింది ఆయన, ఆ తర్వాత దెబ్బలు మోసింది ఆమె.

ఇప్పుడు మన చరిత్రను ఒకసారి చూసుకుందాం. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. అక్షరాస్యతా పాఠాల్లో చదువుకున్న సీతమ్మ కథ వాళ్లకు తమ కథే అనిపించింది. అక్కడ రాజుకున్న నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో గెలిచిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఆ ఉద్యమం తక్కువదని ఎవరూ అనలేరు. చదువురాని ఆడవాళ్లు ఒక ప్రభుత్వం చేత దాని ఆదాయాన్నే వదిలించిన సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు.

అయినా ఒక్కమాట మనలో మనం ఒప్పుకోవాలి. ఆనాడు మన నినాదాలన్నీ దుకాణం మీద, కాంట్రాక్టరు మీద, ప్రభుత్వం మీద. అది న్యాయమే. కానీ తాగే మనిషి గురించి మనకు ఒకే ఒక్క ఆలోచన ఉండేది. సారా దొరకకపోతే వాడే మానేస్తాడని. కొందరు నిజంగానే మానేశారు. అప్పుడప్పుడు తాగేవాళ్లకి, తాగుడు అలవాటు మాత్రమే అయినవాళ్లకి దుకాణం మూతపడటం మేలే చేసింది. కానీ మందుకి బానిసైపోయిన మనిషికి అది చాలదు. అతను దొంగసారా వెతుక్కున్నాడు, గుడుంబా వెతుక్కున్నాడు, కల్లులో పడ్డాడు.

మా ప్రాంతానికి ఈ పాఠం మరో రెండుసార్లు అందింది. తెలంగాణలో చాలాచోట్ల కల్లంటే చెట్టు నుంచి దింపిన కల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డైజీపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఆ మందుల కలపడం ఉన్నట్టుండి తగ్గింది. అప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లే వందల సంఖ్యలో వచ్చారు. మే 6న దుకాణాలు తెరిచారు, అంతటితో ఆ సంగతి అందరూ మర్చిపోయారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయాక మళ్లీ దాడులు, మళ్లీ అరెస్టులు. సరఫరా ఆపడం ప్రతిసారీ జరిగింది. మానే దారి చూపడం ఒక్కసారీ జరగలేదు.

ప్రభుత్వం లెక్కల్లోనే ఈ తేడా కనిపిస్తుంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల కోసం దాదాపు 1.32 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అప్పటి దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు, లైసెన్సు రాకపోయినా తిరిగి ఇవ్వలేదు. ఒక్క సీసా అమ్ముడు పోకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు చేరింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది, ఆడవాళ్లలో నూటికి దాదాపు ఏడుగురు మద్యం తాగుతారు. తాగేవాళ్లందరూ బానిసలు కారు, నిజమే. కానీ దేశం మొత్తం మీద దాదాపు 5.7 కోట్లమందికి తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితి ఉందని 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే చెప్పింది. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని, ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందేవాళ్లు 180 మందిలో ఒక్కరేనని కూడా అదే సర్వే చెప్పింది. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లకు నర్సులు, కాపలాదారులు, అప్పులు తీర్చేవాళ్లు మనమే.

మా చెల్లెలు అడిగిన ఆ మీటింగు సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. దీని గురించి మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. నాకూ తెలియదు, ఆమె అడిగాకే తెలుసుకున్నాను.

1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో తాగుడుకు బానిసలైన ఇద్దరు కలుసుకున్నారు. ఒకరు షేర్ల వ్యాపారి, ఇంకొకరు సర్జన్. డాక్టర్లు, మొక్కులు, ఒట్లు అన్నీ విఫలమైన ఆ ఇద్దరూ ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటూ ఉంటే తాగకుండా ఉండగలమని తెలుసుకున్నారు. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు చెప్పుకోనక్కర్లేని తాగుడు బాధితుల సంఘం. మన దేశానికి 1957లో ఢిల్లీ ద్వారా వచ్చింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, డాక్టరు లేడు, అధ్యక్షుడు లేడు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒక గది, కొన్ని కుర్చీలు, టీ. గంటా గంటన్నర సేపు ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు. ఎవరూ సలహా ఇవ్వరు, తిట్టరు. విన్నది బయట చెప్పకూడదు. ఖర్చులు అక్కడ కూర్చున్నవాళ్లే తలా ఇంత వేసుకుంటారు. బయటి విరాళాలు పుచ్చుకోరు. బాధితులు మాత్రమే కూర్చునే మీటింగులు కొన్ని, ఎవరైనా వచ్చి వినగలిగేవి కొన్ని.

ఇదంతా వట్టి మాటల కాలక్షేపం కాదా అని కొందరికి అనుమానం. నాకూ ఉండేది. 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా బాధితుల అనుభవాన్ని కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వచ్చింది. పూర్తిగా మానేసి, మానిన స్థితిలో నిలబడటానికి ఈ సంఘాల దారి మిగతా పేరున్న మానసిక చికిత్సలతో సమానంగా, కొన్నిటికంటే మెరుగ్గా పనిచేస్తోందని అది తేల్చింది. పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి చాప మీద కూర్చున్న మనకి ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు. ఒంటరిగా చేయలేనిది పదిమంది మధ్య కూర్చుంటే చేయగలమన్నది మనం బతికి తెలుసుకున్న విషయమే.

ఆమెను, ఆయన్ను మొదటిసారి పట్నం మీటింగుకి మేమే తీసుకుపోయాం. ఆమెకు బస్సులో టికెట్టు లేదు, ఆయనకు ఉంది. ఆ రోజు ఇద్దరి కూలీ పోయింది. తిరిగి వచ్చేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. ఆయన అక్కడ ఒక్కమాట కూడా మాట్లాడలేదట. కానీ బస్సులో ఆమెతో, "నా అసొంటోళ్లు ఇంతమంది ఉన్నరా" అన్నాడు. రెండోవారం కూడా పోయారు. మూడోవారం పోలేదు. పోలేకపోయారు. మానిన కొత్తలో రోజూ, కనీసం వారానికి రెండుమూడుసార్లు మీటింగులో కూర్చోమంటారు. వంద కిలోమీటర్ల అవతల ఉన్న మీటింగులో రోజుకూలి మనిషి ఎన్నిసార్లు కూర్చోగలడు?

ఫోన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాడుకోవాలి కూడా. మత్తు వదిలించుకోవడానికి సాయం కోరేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్యం కోసం టెలీ-మానస్ నంబరు 14416, ఇది 2022లో వచ్చింది. దగ్గర్లోని చికిత్సా కేంద్రం గురించి ఇక్కడ అడగవచ్చు. కరోనా తర్వాత ఫోన్‌లో కలుసుకునే మీటింగులు కూడా పెరిగాయి. ఈ నంబర్లు మన ప్రతి కార్యకర్త దగ్గరా ఉండాలి. కానీ ఒకే గది ఇంట్లో, పిల్లల ముందు, పక్కింటికి వినబడేటట్టు మనసులో మాట ఎవరు చెప్పగలరు? ఫోను దారి చూపగలదు. గదికి బదులు కాలేదు.

దారి దొరకనప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తున్నారో కూడా చెప్పాలి. "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" అనే ప్రకటనలు మనం గోడల మీద, బస్సుల మీద చూస్తూనే ఉన్నాం. ఆ పొట్లాల్లో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరాం అనే మందు ఒకటి ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు అది. కూరలో కలిపి పెట్టాల్సింది కాదు. తెలిసో తెలియకో భార్య చేతుల మీదుగా ఈ ప్రమాదం జరిగితే జైలుకి పోయేది ఆమే. ఇంకోవైపు, తాగుడు మాన్పిస్తామని మనుషుల్ని గదుల్లో పెట్టి తాళాలు వేసి, కొట్టే ప్రైవేటు కేంద్రాలు. ఆమె పుస్తె అమ్మి అక్కడ డబ్బు కడుతుంది.

చట్టం ఏమంటోంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం అనే మాటలోకి మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల వచ్చే స్థితులను కూడా చేర్చింది. ఆ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు. అది భరించగలిగే ఖర్చులో, మంచి నాణ్యతతో, మనిషికి అందుబాటులో, కుల మత లింగ వివక్ష లేకుండా ఉండాలి. కనీస సేవలు జిల్లాలో ప్రభుత్వం అందించలేకపోతే ఆ జిల్లాలో వేరేచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలి. క్రూరంగా, అవమానకరంగా చూడకూడదని, రిజిస్ట్రేషన్ లేకుండా కేంద్రం నడపకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. మెదక్ 2016లో జిల్లా కేంద్రమైంది. 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మానసిక వైద్య విభాగం లేకుండా వైద్య కళాశాల ఉండదు. కాబట్టి ఇక్కడ అడగడానికి ఒక చోటు, ఒక చట్టం రెండూ ఉన్నాయి. అడిగేవాళ్లే కావాలి.

ఇక్కడ మన మిత్రులు కొందరు అడ్డు తగులుతారు. "కొట్టేవాణ్ణి బాగుచేసే పని కూడా మన నెత్తికే చుడతావా? ఇన్నాళ్లూ ఇంట్లో చేసిన సేవ చాలక ఇప్పుడు సంఘంలో కూడా చేయాలా?" అని. ఈ ప్రశ్న న్యాయమైంది. దానికి మూడు జవాబులు చెబుతాను.

మొదటిది. తాగుడు జబ్బే, కొట్టడం జబ్బు కాదు. తాగినవాళ్లందరూ కొట్టరు, కొట్టినవాళ్లందరూ తాగి కొట్టరు. యజమానిని కొట్టడానికి లేవని చేయి భార్య మీద లేస్తోందంటే అది మందు నేర్పిన పని కాదు. మీటింగుకి పోతున్నాడు కదా, కేసు వద్దులే అని ఎవరూ ఆమెకు చెప్పకూడదు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరే హక్కు ఆయన మానినా, మానకపోయినా ఆమెది. ఆయన మానేదాకా ఆగాల్సిన బాధ్యత ఆమెకు లేదు. విడిచిపోయే హక్కూ ఉంది.

రెండోది. ఈ మీటింగులు ఆయన కోసమే కాదు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-ఆనాన్ అని విడిగా సంఘాలున్నాయి. 1951లో మొదలయ్యాయి. ఆయన తాగుడుకి తాను కారణం కాదని, తాను కాపలా కాసి ఆపలేనని, తాను చేసే సేవతో అది నయం కాదని అక్కడ ఆడవాళ్లు ఒకరినొకరు చూసి తెలుసుకుంటారు. "పెళ్లాం మంచిదైతే మొగుడెందుకు తాగుతాడు" అని పుట్టినప్పటి నుంచి వింటున్న మనకి ఈ మాట ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఆయన రాకపోయినా ఆమె రావచ్చు. మా చెల్లెలికి మొట్టమొదట కావాల్సింది ఆ గదే అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

మూడోది, మనం మాట్లాడటానికి సిగ్గుపడేది. తాగుడు మానాలనుకునేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మెదక్ జిల్లా ఊళ్లలో రోజంతా నడుం వంచి నాట్లేసి సాయంత్రం ఇంత కల్లు తాగే ఆడమనిషిని ఎవరూ వింతగా చూడరు. కానీ అది మత్తుమందు కలిపిన కల్లయి, ఆమె దానికి బానిసైతే, తాగుబోతు మొగుడి కోసం ఏడ్చే ఊరు ఆమెను మాత్రం వెలివేస్తుంది. మగవాళ్లు నిండిన గదిలో ఆమె నోరు విప్పలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ దారిలో మొదటి మెట్టు, మద్యం ముందు తాను శక్తిలేనివాణ్ణని ఒప్పుకోవడం. పుట్టుక నుంచి నీకు శక్తి లేదనే వింటూ వచ్చిన ఆడదానికి ఈ మాట ఎంతవరకు సాయపడుతుందని అమెరికాలోనే ఆడవాళ్లు ప్రశ్నించి, 1970లలో తమకంటూ వేరే సంఘం పెట్టుకున్నారు. దేవుడి ప్రస్తావన గురించీ అక్కడ వాదాలున్నాయి. మనమూ ఆ వాదాలు చేద్దాం. కానీ గది ఏర్పడ్డాక ఆ గదిలో కూర్చుని చేద్దాం.

ఇది మన పల్లెల్లో సాగే పనేనా? మన పక్కనే జవాబుంది. చెన్నైలో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్నాక, 1980లో ఆయన పేరుతో చికిత్సా సంస్థను ప్రారంభించారు. వాళ్లు ఆసుపత్రితో ఆగలేదు. తంజావూరు ప్రాంతంలో మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టారు. ఊళ్లో ఉన్న వసతినే వాడుకుని, ఊరివాళ్ల సాయం తీసుకుని, పదిహేను రోజులపాటు చికిత్స చేసి, ఇంటివాళ్లతో కూడా మాట్లాడి, తర్వాత నెలల తరబడి అదే ఊరికి వచ్చి పలకరిస్తూ ఉన్నారు. రోగి పట్నానికి పోవడం కాదు, చికిత్స పల్లెకి రావడం.

మెదక్‌లో ఏం చేయవచ్చో చెబుతాను. ఆల్కహాలిక్స్ అనానిమస్ నియమం ప్రకారం ఒక గుంపు మొదలవడానికి ఇద్దరు బాధితులు చాలు. మీటింగు ఎక్కడుందని వెతకడం మానేసి, ఆ ఇద్దరినీ కలపడం మన పని. హైదరాబాదు మీటింగుల్లో మానేసి ఏళ్లయినవాళ్లు ఉంటారు, అడిగితే కొత్తచోటికి వచ్చి మొదటి కొన్ని వారాలు కూర్చోవడం వాళ్ల పద్ధతిలోనే ఉంది. మీటింగు మనం నడపకూడదు, నడపలేం కూడా. గది మాత్రం చూడగలం. ఆ గది ఏ కుల సంఘానిదీ కాకూడదు. ప్రపంచంలో చాలాచోట్ల ఈ మీటింగులు చర్చి గదుల్లో జరుగుతాయి, మెదక్‌లో పెద్ద చర్చే ఉంది. కానీ గుడైనా, మసీదైనా, చర్చయినా అందరూ మొహమాటం లేకుండా గడప దాటగలరా అన్నది చూసుకోవాలి. బడి గదో, గ్రంథాలయమో అయితే మంచిది. చిన్న ఊళ్లో పేరు దాచుకోవడం కష్టం కాబట్టి గది మెయిన్ రోడ్డు మీద ఉండకపోతే మేలు. ఆడవాళ్ల మీటింగు సాయంత్రం పెడితే ఎవరూ రారు. మధ్యాహ్నం పెట్టాలి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా అభ్యంతరం ఉండకూడదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. మెదక్ ప్రభుత్వాసుపత్రిలో మందు మానేవాళ్ల కోసం పడకలు కేటాయించాలి, అందులో ఆడవాళ్లకు విడిగా ఉండాలి. మానసిక వైద్యుడు ఏ రోజు, ఏ గదిలో ఉంటారో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. ప్రతి మద్యం దుకాణం ముందు, ప్రతి కల్లు దుకాణం ముందు సహాయ నంబరు, దగ్గర్లోని చికిత్సా కేంద్రం పేరు ధరల పట్టిక అంత పెద్ద అక్షరాలతో రాయాలి. సఖి కేంద్రానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఈ సమాచారం అందాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలో ఒక వాటా మాన్పించే పనికి కేటాయించి, ఎంత ఖర్చయిందో జిల్లావారీగా చెప్పాలి. దుకాణానికి లైసెన్సు ఇచ్చిన చేతిదే చికిత్స బాధ్యత కూడా.

దుకాణాల మీద మన పోరాటం ఆగకూడదు. బెల్టు షాపులు మూయించే పని మనదే. కానీ దుకాణం మూసేరోజు దాని పక్కనే ఇంకో తలుపు తెరిచి ఉండాలి. లేకపోతే 1995లోలా, 2015లోలా, 2020లోలా ఆ భారం తిరిగి మన ఇళ్లకే వస్తుంది.

ఆ చెల్లెలి భర్త పన్నెండు రోజులు తాగలేదు. ఆమె క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంది. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. మొన్న కలిసినప్పుడు అడిగాను, కొడుతున్నాడా అని. "ఇప్పటికైతే లేదు" అంది. ఆగి, "మీటింగు ఈడ్నే ఉంటె పోతుండె అక్కా" అంది. నమ్మకమో, భ్రమో తేల్చే హక్కు నాకు లేదు. ఆయన పోయేవాడో కాదో తెలియాలంటే ముందు మీటింగు ఉండాలి కదా.

ఈ వ్యాసం చదివినవాళ్లకి ఒక విజ్ఞప్తి. మీ ఊళ్లో, మీ మండలంలో ఇలాంటి మీటింగు జరుగుతూ ఉంటే ఏ చోట, ఏ రోజు, ఎన్నింటికి అనేది పత్రికకు రాయండి. వెళ్లేవాళ్ల పేర్లు వద్దు, చోటు వివరం చాలు. జిల్లావారీగా వచ్చే సంచికల్లో వేద్దాం. జరగకపోతే అదీ రాయండి. లేనిచోట్ల జాబితా కూడా అర్జీకి పనికొస్తుంది.